లోపలి చుట్లలో రాణి

నవంబరు 9, బాపట్ల

ఈ డైరీ చదివేది నేనొక్కడినే కనుక పాఠక మహాశయులకు నమస్కారాలు రద్దు చేయడమైనది. నాకు నేనే నమస్కారం పెట్టుకుంటుంటే బిందు అక్క చూసిందంటే, ఆసుపత్రిలో నాయనమ్మ పక్కన నాకూ ఒక మంచం మాట్లాడేస్తుంది.

నాయనమ్మకు మంచం ఖాయమని ఈరోజే తేలింది. అక్క ఉద్యోగం బాపట్లలో కాబట్టి తెనాలి నుంచి ఆమెను ఇక్కడి గొంతు డాక్టరు దగ్గరికి తీసుకొచ్చాం. ఆయన సన్నటి గొట్టం లోపలికి పంపి తెర మీద చూపించాడు. రెండు తెల్లటి తీగలు. ఒకదాని మీద కందిగింజంత కాయ. ఇన్నేళ్లుగా డెల్టా జనాన్ని నిద్రపోనివ్వని సరుకు ఇంత చిన్నదా అని నేను ఆశ్చర్యపోయాను.

"ఆపరేషన్ గుంటూరులో చేయించాలండి. మాటకేం ఫర్వాలేదు, వస్తుంది. పాట మాత్రం..." అని ఆయన వాక్యాన్ని మధ్యలో వదిలేశాడు.

నాయనమ్మ ఆ సగం వాక్యాన్ని పట్టించుకోలేదు. "డిసెంబరు ఆరున రేపల్లెలో నాటకం ఉందండి. అదయ్యాక చేయించుకుంటే కుదరదా?"

"కుదురుతుందండి. కానీ ఈలోగా గొంతెత్తి పాడకూడదు."

"పాడనండి," అని రెండు చేతులూ జోడించింది.

మా నాయనమ్మ మాణిక్యమ్మ గారి నటన నేను ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాను. ఇంత చెత్తగా నటించడం ఇదే మొదలు. డాక్టరు నమ్మేశాడు. నాటకాలు చూసే అలవాటు లేని మనిషిలా ఉన్నాడు.

నవంబరు 11, తెనాలి

ఇంట్లో ఎవరూ ఏడవలేదు. అసలు ఏడవాల్సిన విషయమే కాదు. మాట వస్తుందన్నారుగా.

నాయనమ్మ పాడిన రికార్డింగులు ఏమేం ఉన్నాయో వెతికాను. అన్నీ ఎవరెవరో ఫోన్లలో తీసిన ముక్కలు. ఒక్కదాంట్లోనూ పద్యం చివరిదాకా లేదు. అన్నిట్లో నాయనమ్మ అగ్గిపుల్లంత కనపడుతుంది, వేరుశనక్కాయలు ఒలిచే చప్పుడు మాత్రం అద్భుతంగా వినపడుతుంది.

కాబట్టి తీర్మానం: ఆరో తారీకు నాటకాన్ని మొదటి గంట నుంచి మంగళం దాకా నాలుగు కెమెరాలతో నేను రికార్డు చేస్తాను. నేనంటే ఎవరో కాదు, బోసు రోడ్డులో హనీఫ్ భాయ్ స్టూడియోకి వీడియో ఎడిటర్‌ని. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివి, పెళ్లికూతుళ్ల మీద కంప్యూటర్‌తో పూలరేకులు రాల్చే వృత్తిలో స్థిరపడిన వాణ్ని.

నవంబరు 15

నాలుగు కెమెరాలనూ ఒకే కంప్యూటర్‌కి కలిపి, హనీఫ్ భాయ్‌ని నిలబెట్టి రికార్డు చేశాను. తిరిగి చూస్తే ఆయన చెయ్యి ఎత్తుతాడు, తర్వాత చెయ్యి దించి ఉంటాడు. మధ్యలో జరిగినదంతా మాయం. గొంతు కూడా అక్కడక్కడా తెగిపోతోంది.

"నేనేంట్రా, సినిమా దయ్యంలా ఉన్నాను?" అన్నారు.

కెమెరాలు బాగానే ఉన్నాయి. తీగలు బాగానే ఉన్నాయి. దోషం హార్డ్ డిస్కుది.

నవంబరు 16

ఈరోజు నాకు నేనే పాఠం చెప్పుకుంటాను, ఎందుకంటే కాలేజీలో ఈ పాఠం రోజు నేను వెనక బెంచీలో కునుకు తీశాను.

డిస్కు అంటే లోపల గిర్రున తిరిగే పళ్లెం. దాని మీద చుట్లు చుట్లుగా రాసుకుంటూ పోయే సూది ఒకటి. పళ్లెం తిరిగే వేగం ఎప్పుడూ ఒకటే. కానీ బయటి చుట్టు పెద్దది, ఒక్క తిరుగుడులో సూది కింద నుంచి బోలెడు సరుకు పోతుంది. లోపలి చుట్టు చిన్నది, అదే తిరుగుడుకి ఇంచుమించు సగం. అంటే బయటి అంచున రాస్తే వేగం, లోపలి అంచున రాస్తే నత్తనడక.

రెండో చిక్కు. కెమెరాలు నాలుగు, సూది ఒక్కటే. పెళ్లిలో ఒక్క మనిషి నాలుగు బంతులకు సాంబారు వడ్డిస్తున్నట్టు, ఇక్కడ ఒక గరిటె పోసి అక్కడికి ఉరకాలి. ఉరకడంలోనే సగం కాలం పోతుంది. వేగంగా రాసే చోటైతే ఉరికినా సర్దుకుంటుంది. మెల్లగా రాసే చోట నాలుగో బంతికి సాంబారు అందదు.

మరి మన డిస్కులో బయటి చుట్ల మీద ఎవరున్నారు? పాత పెళ్లిళ్లు.

"భాయ్, ఈ కాకుమాను పెళ్లి ఇంకా ఎందుకుంది?"

"ఆల్బమ్ తీసుకెళ్లలేదు కదరా."

"పెళ్లయి ఎన్నాళ్లయిందండీ?"

"పిల్లాడు కూడా పుట్టాడు. బారసాల కూడా నేనే తీశాను."

"అప్పుడైనా ఇవ్వకపోయారా?"

"బారసాల ఆల్బమ్ పట్టుకెళ్లారు. పెళ్లిది మళ్లీ వస్తామన్నారు."

ఇదీ హనీఫ్ భాయ్ ధర్మం. ఇంటివాళ్లు వచ్చి తీసుకెళ్లేదాకా పెళ్లిని చెరపరు. అలా తీసుకెళ్లని పెళ్లిళ్లన్నీ పళ్లేనికి బయటి అంచున, ముందు వరసలో, కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్నాయి. నిన్నటి నా రికార్డింగు పాపం లోపలి ఇరుకులో నలిగింది.

"చెరిపేస్తాను భాయ్."

"పెళ్లి చెరిపేదేంటి, నోరు కడుక్కో. కావాలంటే లోపలికి జరుపు."

నవంబరు 17

ఫోన్లో అక్క: "ఎస్‌ఎస్‌డీ వాడొచ్చుగా? అందులో ఏదీ తిరగదుగా? నువ్వేగా అన్నావ్?"

"ఉన్నవి రెండూ వేటపాలెం పెళ్లికి పోయాయి. సీజను అయ్యేదాకా తిరిగి రావు."

"నాయనమ్మ ఎట్టా ఉంది?"

డిస్కు బయటి అంచు ఇంచుమించు సగం ఖాళీ అయిందని చెప్పాను.

"నేనడిగింది నాయనమ్మ సంగతిరా," అంది.

నవంబరు 19

పెళ్లిళ్లు లోపలికి జరుగుతున్నాయి. భజంత్రీలు లేకుండా.

నవంబరు 20

మధ్యాహ్నం స్టూడియోలో కంప్యూటర్ ముందే నిద్రపట్టింది. కలలో వేమూరు పొలాలన్నీ కలిసి ఒకటే పెద్ద గుండ్రటి మడి. మెల్లగా తిరుగుతోంది. నేను దాని మీద సన్నటి కొంగలా ఎగురుతున్నాను, కాళ్లు నీళ్లకు తగలకుండా, తగిలీ తగలకుండా. బయటి గట్ల మీద ముత్తయిదువలు పేరంటానికి కూర్చున్నట్టు పాత పెళ్లికూతుళ్లు వరసగా కూర్చున్నారు. ఎవరూ నావైపు చూడలేదు. నడిమధ్య నుంచి ఒక గొంతు వస్తోంది. మాటలు తెలియడం లేదు. అటు పోదామంటే చుట్లు చిన్నవవుతున్నాయి, నేను మెల్లగా అయిపోతున్నాను. ఎంత మెల్లగా అంటే రెక్క ఒకసారి ఆడించడానికి ఒక వానాకాలం పట్టింది. అయినా భయం వేయలేదు. నీళ్లలో ఆకాశం ఉంది, నేను దానికీ పైన ఆకాశానికీ మధ్యలో ఉన్నాను.

"లెగరా, గురక మైకులో పడుతోంది," అని హనీఫ్ భాయ్ లేపారు.

నవంబరు 24

పళ్లేనికి రెండు గదులు కట్టాను. బయటి గది ఖాళీ, అది నాటకానికి. లోపలి గదిలో పెళ్లిళ్లు, వాటి వెనక కొద్దిపాటి ఖాళీ. బయటి గది నిండితే ఆ తర్వాతిది లోపలి గదిలో రాయమని కంప్యూటర్‌కి చెప్పిపెట్టాను. ఆ అవసరం రాదు. ఇంజినీరు అన్నవాడు రాని అవసరానికి కూడా తలుపు పెడతాడు.

హనీఫ్ భాయ్‌ని మళ్లీ నిలబెట్టాను. ఈసారి ఆయన చెయ్యి ఎత్తడం, దించడం, మధ్యలో చంక గోక్కోవడం, అన్నీ ఉన్నాయి.

నవంబరు 28

మా వసారాలో రిహార్సల్. హార్మోనియం పున్నారావు గారు వచ్చారు. నాటకం పేరు 'నాగలేటి రాణి', మా వైపు బడిపంతులు ఒకాయన రాశాడు. నాయనమ్మ రాణి వేషం కట్టిన తర్వాత ఇంకెవరూ ఆ వేషం అడగలేదు.

నాయనమ్మ గొంతెత్తకుండా పెదవులతోనే పద్యాలు నడిపింది. పున్నారావు గారు గాలితిత్తి తెరవకుండా మెట్ల మీద వేళ్లు మాత్రం నడిపారు. చప్పుడు లేని నాటకం. మా కుక్క కూడా మొరగడం మానేసి చూసింది. చివర్లో రాణి రాజ్యాన్ని వరదకు వదిలేసి, పడవ ఎక్కబోతూ ఏటితో మాట్లాడే పద్యం ఉంది. 'ఓ నాగలేరా' అని మొదలు. నాయనమ్మ పెదవులు కదిలాయి. వసారాలో ఏరు పోతున్నట్టే అనిపించింది. గచ్చు మీద కాలు పెట్టడానికి జంకాను.

నాటకం నిడివి చూసుకున్నాను. బయటి గది హాయిగా సరిపోతుంది, పైగా కొంచెం మిగులుతుంది. నా లెక్కకు నేనే శాలువా కప్పుకోవాలి.

డిసెంబరు 3

నాయనమ్మ టీలో మిరియాలు వేసుకుని తాగుతోంది. దగ్గితే తువ్వాలు అడ్డం పెట్టుకుని, ఆ తువ్వాలు తానే ఉతుక్కుంటోంది. నేను అడగలేదు. నాకు డిస్కు పని ఉంది.

డిసెంబరు 7, తెనాలి

నిన్నటిది వరసగా రాయాలి.

పొద్దున ప్యాసింజర్లో రేపల్లె వెళ్లాం. నాయనమ్మ కిటికీ పక్క, కంప్యూటర్ డబ్బా నా ఒళ్లో. ఎదురుగా కూర్చున్న ఒకామె "ఏంటి బాబూ అది, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నావ్?" అంది. "ముందు జాగ్రత్తండి, ఏడుస్తుంది," అన్నాను. నాయనమ్మ నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. ఇక దారంతా నేను నోరు మూసుకున్నాను.

సాయంత్రానికి పందిరి నిండింది. నాలుగు కెమెరాలు పెట్టాను: ఎదురుగా రెండు, కుడిపక్క ఒకటి, ఎడమపక్క హార్మోనియం దగ్గర ఒకటి. మైకు తీగ ఆ హార్మోనియం దగ్గరి కెమెరాకే పోతుంది. హనీఫ్ భాయ్ కంప్యూటర్ పక్కన కాపలా. తెర లేచింది. కిరీటంతో నాయనమ్మ బయటికొచ్చింది. మొదటి పద్యం ఎత్తుకుంది.

డాక్టరు నమ్మకం అక్కడితో సరి.

ఆ గొంతు పందిరి గుడ్డను పైకి లేపినట్టనిపించింది. సముద్రం ఇంకా దూరమే అయినా ఉప్పుగాలి వచ్చింది. చివరి రాగం ఆగగానే, ముందు వరసలో నుంచి:

"వన్స్ మోర్!"

వెనక నుంచి ఇంకో పది గొంతులు. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

నాయనమ్మ చిన్నగా తల వంచి పద్యం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.

నాకు చెమటలు పట్టాయి. అవును మరి, పద్యం బాగుంటే మళ్లీ పాడించుకోవడం మావాళ్లకు పుట్టుకతో వచ్చిన హక్కు. నేను ఆ చప్పట్ల మధ్యనే పెరిగాను. మా వసారా రిహార్సల్లో వన్స్ మోర్ అనడానికి కుక్క తప్ప ఎవరున్నారు? నా లెక్కలో నాటకం ఉంది, జనం లేరు.

రెండో పద్యం, వన్స్ మోర్. నాలుగో పద్యం, ఏకంగా రెండుసార్లు. బయటి గది నిండిపోతోంది. ఇట్టా అయితే చివరి పద్యం లోపలి గదిలోకి, ఆ నత్తనడక చుట్లలోకి పోతుంది. నాలుగు కెమెరాలూ ముక్కలవుతాయి, గొంతుతో సహా.

మధ్యలో తెర వేయగానే వెనక్కి పరిగెత్తాను. నాయనమ్మ కుర్చీలో, గొంతు చుట్టూ తడిగుడ్డ.

"నాయనమ్మా, ఇంక వన్స్ మోర్‌లు ఒప్పుకోకే."

"అడిగితే?"

"తల ఊపి తర్వాతి డైలాగులోకి పో."

"వాళ్లు అడిగాక పోవడం నాకు చేతకాదురా నాయనా."

"డిస్కు నిండిపోతోందే!"

"నీ పళ్లెం నిండితే నేను పస్తుండాలా?" అని కిరీటం సర్దుకుంది. గొంతు మీది తడిగుడ్డ తీసి, నాకు కనపడకుండా మడిచి పెట్టింది. అది చూశాక నాకు డిస్కు గుర్తు రాలేదు. కాసేపే. మళ్లీ గుర్తొచ్చింది.

రెండో సగంలో జనం తగ్గారు. అంటే మనుషులు కాదు, అరుపులు. ఆమె గొంతు జీరబోతోందని వాళ్లకూ తెలిసిపోయింది. ఏమీ అనకుండా వింటున్నారు. నా లెక్క మళ్లీ నిలబడింది. చివరి పద్యం బయటి గదిలో ఆఖరి చుట్ల మీద పట్టేస్తుంది.

'ఓ నాగలేరా.' నాలుగు కెమెరాల్లో నలుగురు నాయనమ్మలు ఏటితో మాట్లాడారు. తెర మీద చూస్తూ నేనేదో నిద్రలో నడుస్తున్నట్టు ఉన్నాను. చివరి రాగం సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. ఒక్క ముక్క కూడా పోలేదు. నేను గెలిచాను.

ఒక్కరూ వన్స్ మోర్ అడగలేదు. జాలిపడ్డారు. పాపం పెద్దావిడ, చాలులే అనుకున్నారు. నాయనమ్మ పడవ ఎక్కాలి. ఎక్కలేదు. ఒక కాలు ముందుకు పెట్టి జనం వైపు చూస్తూ నిలబడిపోయింది. ఎదురుచూస్తోంది.

అప్పుడు ఎవరో అరిచారు. "వన్స్ మోర్!"

గొంతు అచ్చం నాదిలాగే ఉంది.

"నీకేమన్నా పిచ్చా?" అన్నారు హనీఫ్ భాయ్. "చోటేదిరా?"

నాయనమ్మ అప్పటికే ఊపిరి పీల్చుకుంటోంది. బయటి గది అయిపోయింది. నేను మూడు కెమెరాల తీగలు లాగేశాను. ఎదురుగా ఉన్న రెండూ, కుడిపక్కదీ. మైకు ఉన్న ఒక్కటే మిగిలింది. ఇక సూదికి ఉరుకులు లేవు. ఒకటే బంతి. ఎంత ఇరుకు చుట్టయినా, ఎంత నత్తనడకైనా, ఆ ఒక్కదానికి సరిపోతుంది. సరిపోయింది.

మూడో పాదంలో ఆమె గొంతు పగిలింది. పగిలిన చోటి నుంచే పద్యాన్ని ఎత్తి ఒడ్డుకు చేర్చింది. తర్వాత పడవ ఎక్కింది.

డిసెంబరు 8

ఫైళ్లన్నీ భద్రం. తిరిగి చూడలేదు. పని ఒత్తిడి.

డిసెంబరు 9

పని ఒత్తిడి.

డిసెంబరు 10, గుంటూరు

ఆపరేషన్.

డిసెంబరు 11

బాగానే జరిగింది. మాట్లాడకూడదు. ఆమె కాదు, మేమందరం మాట్లాడకూడదన్నట్టు కూర్చున్నాం.

డిసెంబరు 13

కల. పళ్లెం ఆగిపోయింది. సూది నాయనమ్మ చేతిలో ఉంది. దాంతో నా చొక్కాకి గుండీ కుడుతోంది.

డిసెంబరు 21, తెనాలి

తక్కువగా, మెల్లగా మాట్లాడొచ్చన్నారు. నాయనమ్మ మాట వచ్చింది. ఇసక మీద చెప్పులు ఈడ్చినట్టుంది. అక్క వంటింట్లోకి వెళ్లి చాలాసేపు గిన్నెలు కడిగింది. అన్నీ అంతకుముందే కడిగినవి.

మధ్యాహ్నం కంప్యూటర్ డబ్బా ఇంటికి తెచ్చి, నాటకమంతా నాయనమ్మకు చూపించాను. పక్కన పున్నారావు గారు కూడా ఉన్నారు. మొదటి పద్యానికి ఆమె తొడ మీద తాళం వేసుకుంది. నాలుగో పద్యానికి "ఫర్వాలేదు" అంది. ఆమె నోటి నుంచి ఆ మాట రావడమంటే మాకు పద్మశ్రీ.

చివరి పద్యం మొదటిసారి అయిపోయింది. నిశ్శబ్దం. "వన్స్ మోర్!" అన్న గావుకేక. నాయనమ్మ నావైపు ఓరగా చూసింది. నేను కప్పు వైపు చూశాను.

తర్వాత ఆ చివరి ఫైలు. లోపలి గదిలోది. ఒకే కెమెరా కదా, తెరలో ముప్పాతిక భాగం పున్నారావు గారి బట్టతల, దాని వెనక నాయనమ్మ చెయ్యి, అప్పుడప్పుడూ కిరీటం కొస.

"ఈ నాటకం నాదా, పున్నారావుదా?" అంది.

"దీపం కాంతి బాగా పడింది," అన్నారాయన తల తడుముకుంటూ.

మూడో పాదం వచ్చింది. గొంతు పగిలింది. ఆమె కళ్లు మూసుకుంది. అయిపోయేదాకా తెరవలేదు.

"అది తీసెయ్."

"ఏది?"

"చివరిది. శ్రుతి పోయింది. ముందు పాడింది ఉందిగా, అది చాలు."

"నాయనమ్మా, అన్నిట్లోకీ అదే..." అని బాపట్ల డాక్టరులా వాక్యాన్ని మధ్యలో వదిలేశాను.

"నువ్వు అడిగావు, పాడాను. నువ్వు విన్నావు. వినాల్సినవాళ్లు విన్నారు. ఆ పగిలింది పళ్లెంలో పెట్టుకుని, ఎవరెవరికో మళ్లీ మళ్లీ వినిపించొద్దు. నా కళ్లముందే తీసెయ్."

ఇన్ని మాటలు ఒకేసారి చెప్పొద్దని డాక్టరు అన్నాడు. కాబట్టి వాదించలేదు. ఆమె కళ్లముందే తీసేశాను. తెర మీద ఆ ఫైలు పేరు మాయమైంది. ఆమె తల ఊపి, టీ అడిగింది.

డిసెంబరు 22

విషయం సాంకేతికమైనది కనుక స్పష్టంగా రాస్తున్నాను. డిస్కులో ఫైలు తీసేస్తే పోయేది దాని చిరునామా మాత్రమే. లోపల రాసిందంతా రాసిన చోటే ఉంటుంది, ఇంకొకటి వచ్చి దాని మీద కూర్చునేదాకా. కావాలనుకుంటే వెతికి తీయొచ్చు. నేను తీయను. ఆమె తీసెయ్ అంది, తీసేశాను. తీసే ఉద్దేశం కూడా నాకు లేదు. ఆ చుట్లు అక్కడ, పళ్లెం లోపలి అంచున, పేరు లేకుండా ఉన్నాయి. అంతే సంగతి.

ఈరోజు డబ్బా స్టూడియోకి తీసుకెళ్లి, నాటకాన్నీ పాత పెళ్లిళ్లనీ భాయ్ కొన్న కొత్త డిస్కులోకి మార్చాను. హనీఫ్ భాయ్ మంచి ఉత్సాహంగా ఉన్నారు.

"రేపు పొన్నూరులో నిఖా. ఈ డిస్కు ఖాళీ అయిందిగా, ఇందులోనే ఎక్కిద్దాం."

"వద్దు భాయ్. ఇది చాలా స్లో అయిపోయింది."

"మొన్న నాటకం మొత్తం పట్టిందిగా?"

"బయటి అంచు పర్లేదండి. లోపలే బాగా పాడైంది. రాస్తే ముక్కలవుతుంది. నిఖా పాడైపోతే పెళ్లికూతురి తరపువాళ్లు ఊరుకోరు."

ఆయన డిస్కునీ నన్నూ మార్చి మార్చి చూశారు. డబ్బాలోంచి డిస్కు ఊడదీసి, తన రుమాలుతో తుడిచి నా చేతికిచ్చారు.

"పాడైన డిస్కు స్టూడియోలో ఎందుకురా. ఇంటికి పట్టుకుపో."

సాయంత్రం ఇంటికి తెచ్చి బీరువాలో, నా చొక్కాల మధ్య పెట్టాను. పూర్తిగా ఇంజినీరింగ్ కారణాల వల్ల.